ఆకుపచ్చ గీత వెనకాల మనిషి: ఫెర్డినాండ్ బ్రౌన్

ఎలక్ట్రానిక్స్ విద్యార్థి ల్యాబ్‌లో చేసే తొలి ప్రయోగాల్లో హాఫ్ వేవ్ రెక్టిఫయర్ ఒకటి. ఒక ట్రాన్స్‌ఫార్మర్, ఒక డయోడ్, ఒక రెసిస్టర్, పక్కనే బల్ల మీద సీఆర్‌ఓ. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే ఏసీ కరెంటు తెర మీద పైకీ కిందికీ ఊగే అలలా కనిపిస్తుంది. డయోడ్ దాటాక చూస్తే కింది సగం మాయమై, గోపురాలు వరుసగా పేర్చినట్టు పై సగమే మిగులుతుంది. ఆ బొమ్మ రికార్డు పుస్తకంలోకి ఎక్కుతుంది, లెక్చరర్ సంతకం పడుతుంది, అంతటితో ప్రయోగం అయిపోతుంది. ఆ బల్ల మీద నిజానికి రెండు వింతలున్నాయి. ఒకటి, కరెంటును ఒకవైపే పోనిచ్చే గుణం. రెండోది, కరెంటు ఆకారాన్ని కంటికి చూపించే గాజు గొట్టం. రెండూ ఒకే మనిషి చేతుల్లో, ఇరవై మూడేళ్ల తేడాతో బయటపడ్డాయి. ఆయన పేరు మాత్రం రికార్డు పుస్తకంలో ఎక్కడా రాయించరు.

ఆయన కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్. బ్రౌన్ అనగానే తెలుగువారికి నిఘంటువు దొర గుర్తుకురావడం సహజం. ఈయన ఆయనా కాదు, ఇంగ్లిషువాడూ కాదు. జర్మనీలోని ఫుల్డా పట్టణంలో 1850 జూన్ 6న పుట్టారు. తండ్రి అక్కడి చిన్న సంస్థానంలో ప్రభుత్వోద్యోగి. మార్బర్గ్‌లో చదువు మొదలుపెట్టి, బెర్లిన్ వెళ్లి, 1872లో తీగల కంపనాల మీద డాక్టరేట్ పుచ్చుకున్నారు. ఆ తర్వాత వూర్జ్‌బర్గ్‌లో క్వింకే దగ్గర సహాయకుడిగా పనిచేశారు. అది పేరుకు పరిశోధన, జీతానికి అంతంత మాత్రం. విశ్వవిద్యాలయంలో కుర్చీ దొరికేదాకా ఆగే స్తోమత లేక, ఉపాధ్యాయ అర్హత పరీక్ష రాసి, 1874లో లైప్‌జిగ్‌లోని సెయింట్ థామస్ పాఠశాలలో లెక్కలూ సైన్సూ చెప్పే ఉద్యోగంలో చేరారు. పిల్లలకోసం లెక్కలు, ప్రకృతి శాస్త్రాల మీద ఒక పుస్తకం రాసింది కూడా అక్కడే.

బడి పంతులుగా ఉన్న ఆ రోజుల్లోనే మొదటి వింత ఎదురైంది. గాలీనా వంటి సల్ఫైడు ఖనిజాల్లోంచి కరెంటు పంపి చూస్తున్నారు. ఓమ్ నియమం ప్రకారం తీగను ఎటువైపు నుంచి కలిపినా నిరోధం ఒకటే ఉండాలి. ఈ స్ఫటికాలు ఆ మాట వినలేదు. ఒకవైపు నుంచి సులువుగా పోయిన కరెంటు, బ్యాటరీ తిరగేసి కలిపితే మొరాయించింది. ముఖ్యంగా ఒక కొసన సన్నటి తీగ మొన ఆనినప్పుడు ఈ తేడా బాగా తెలిసింది. 1874లో ఈ సంగతి ప్రచురించారు. రెండేళ్ల తర్వాత లైప్‌జిగ్‌లో పండితుల ఎదుట ప్రదర్శించారు. వారు చూశారు, ఆశ్చర్యపోయారు, ఇళ్లకు పోయారు. ఎందుకిలా జరుగుతోందో చెప్పే సిద్ధాంతం అప్పటికి లేదు. దానికి క్వాంటం భౌతికశాస్త్రం రావాలి, 1930ల దాకా ఆగాలి. ఏసీని డీసీగా మార్చాల్సిన అవసరమూ అప్పటికి ఎవరికీ లేదు. కారణం తెలియనిది, పని పడనిది అయిన ఒక ఆవిష్కరణను ఇరవై నాలుగేళ్ల పంతులు అచ్చువేసి వదిలిపెట్టారు. ఈనాటి డయోడ్ల వంశవృక్షం వేర్లు వెతుకుతూ పోతే ఆ 1874 వ్యాసం దగ్గర ఆగుతాం.

ఆ తర్వాతి ఇరవై ఏళ్లు బదిలీల మీద బదిలీలు. మార్బర్గ్, స్ట్రాస్‌బర్గ్, కార్ల్స్‌రూహె, ట్యూబింగెన్. 1885లో అమేలీ బ్యూలర్‌తో పెళ్లయింది, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. రసాయనశాస్త్రంలో ల షాటలియే సూత్రం చదివినవారికి కొన్ని పుస్తకాల్లో ఆ పేరు పక్కన బ్రౌన్ అని కూడా కనిపిస్తుంది, అది ఈయనే. 1895లో మళ్లీ స్ట్రాస్‌బర్గ్‌కు, ఈసారి భౌతికశాస్త్ర సంస్థకు డైరెక్టరుగా వచ్చారు. 1871 యుద్ధంలో ఫ్రాన్స్ నుంచి జర్మనీ లాక్కున్న ఊరది. కొత్త పాలకులు అక్కడి విశ్వవిద్యాలయం మీద డబ్బు కుమ్మరించారు. ఆయనకు మంచి ప్రయోగశాల దొరికింది.

అప్పటికి యూరప్ నగరాల్లో ఏసీ కరెంటు వచ్చేసింది. అది ఎలా ఉంటుందో మాత్రం చూసినవాళ్లు లేరు. సెకనుకు యాభై సార్లు అటూ ఇటూ మారే కరెంటును ముల్లున్న మీటరుతో కొలిస్తే, బరువైన ఆ ముల్లు కదిలేలోపు కరెంటు దిశ మారిపోతుంది. అల మీద ఒక్కో బిందువు దగ్గర విడివిడిగా కొలిచి, కాగితం మీద చుక్కలు పెట్టి కలిపే పద్ధతి ఒకటుండేది. అల ప్రతిసారీ ఒకేలా ఉంటుందని ముందే నమ్మితే తప్ప ఆ బొమ్మకు విలువ లేదు. మధ్యలో ఏదైనా తేడా జరిగితే చుక్కల్లో దొరకదు. బరువులేని ముల్లు కావాలి, ఇదీ బ్రౌన్ ముందున్న సమస్య.

ఆయన కాథోడ్ కిరణాన్ని ముల్లుగా చేసుకున్నారు. గాలి తీసేసిన పొడుగాటి గాజు గొట్టం, ఒక చివర కాథోడ్, మధ్యలో చిన్న రంధ్రమున్న అల్యూమినియం బిళ్ల, రెండో చివర వెలిగే పూత పూసిన అభ్రకపు పలక. వేల వోల్టులు పెడితే కాథోడ్ నుంచి బయల్దేరిన కిరణంలో సన్నటి పాయ ఒకటి రంధ్రంలోంచి దూరి, పలక మీద చుక్కలా మెరిసేది. గొట్టం మెడ దగ్గర బయట ఒక తీగ చుట్ట పెట్టి, కొలవదలచిన కరెంటును అందులోంచి పంపారు. కరెంటు ఎటు పెరిగితే చుక్క అటు జరిగింది. ఏసీ పంపితే చుక్క పైకీ కిందికీ ఊగి నిలువు గీత అయింది. ఆ గీతను గిర్రున తిరిగే అద్దంలో చూస్తే అది పక్కకు సాగి అలగా విచ్చుకుంది. 1897 ఫిబ్రవరిలో ఆ వివరాలన్నీ ప్రచురించారు. కిరణంలో ఉన్నది ఎలక్ట్రాన్లు అని కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ ప్రకటించింది అదే ఏడాది ఏప్రిల్ చివర్లో. అంటే ముల్లు దేనితో తయారైందో తెలియకముందే దాన్ని పనిలో పెట్టేశారన్నమాట.

ఈ గొట్టానికి బ్రౌన్ పేటెంట్ తీసుకోలేదు. వివరాలు అచ్చయ్యాయి, గాజు పని తెలిసినవాడు ఎవడైనా చేసుకోవచ్చు. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి, ఎందుకంటే ఆయన చివరి రోజులు ఇంకో పేటెంట్ తగాదాలోనే గడిచాయి.

సీఆర్‌ఓకు తెలుగులో డోలనదర్శిని అనే చక్కటి మాట ఉన్నా ల్యాబ్‌లో ఎవరూ అనరు. దాని ముందు కొత్తగా కూర్చున్నవారిని భయపెట్టేది ముఖం నిండా ఉన్న నాబ్‌లు. ఏ నాబ్ ఏం చేస్తుందో జాబితాలా బట్టీపట్టడం కంటే, బ్రౌన్ గొట్టంలో ఏ లోటు తీర్చడానికి ఏది వచ్చిందో చూస్తే త్వరగా బోధపడుతుంది. ఇంటెన్సిటీ నాబ్ చుక్క వెలుగును మారుస్తుంది. బ్రౌన్ దగ్గర ఆ వీలు లేదు. కాథోడ్‌ను వేడిచేసి తక్కువ వోల్టేజీతోనే ఎలక్ట్రాన్లు రాబట్టడం, కాథోడ్ చుట్టూ చిన్న గొట్టం పెట్టి వాటి ప్రవాహాన్ని కుళాయిలా తగ్గించి పెంచడం, ఈ రెండూ ఆ తర్వాత వేనెల్ట్ చేసిన మెరుగులు. పక్కనుండే ఫోకస్ నాబ్ చుక్కను సన్నం చేస్తుంది. బ్రౌన్ ఆ పనికి రంధ్రమున్న బిళ్లతో సరిపెట్టుకున్నారు.

తెర మీద నిలువుగా ఎనిమిది, అడ్డంగా పది గళ్లుంటాయి. నిలువు గడికి ఎన్ని వోల్టులో చెప్పేది వోల్ట్స్ పర్ డివిజన్ నాబ్. ఇది బ్రౌన్ తీగ చుట్టకు వారసుడు. లెక్క ఒకటి చూద్దాం. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుంటే, ఆ 12 అనేది సగటు లాంటి ఆర్‌ఎంఎస్ విలువ. అల శిఖరం దాదాపు 17 వోల్టులు, పై శిఖరం నుంచి కింది లోయ దాకా 34. నాబ్‌ను 5 వోల్టుల దగ్గర పెడితే అల దాదాపు ఏడు గళ్లు నిండుతుంది. 2 దగ్గర పెడితే తెర దాటిపోతుంది. 20 దగ్గర పెడితే చీమంత కనిపిస్తుంది. మల్టీమీటర్ 12 చూపిస్తుంటే సీఆర్‌ఓ 34 చూపిస్తోందని, రెంటిలో ఏదో పాడైందని కంగారుపడే విద్యార్థులు ఏటా ఉంటారు. ఏదీ పాడవదు.

అడ్డంగా గడికి ఎంత కాలమో చెప్పేది టైమ్ పర్ డివిజన్. బ్రౌన్ తిప్పిన అద్దం స్థానంలో వచ్చింది ఇదే. అద్దం అక్కర్లేకుండా, కాలంతోపాటు సమంగా పెరిగే రెండో శక్తితో చుక్కనే పక్కకు లాగవచ్చని 1899లో చేసి చూపినవారు ఆయన సహాయకుడు యోనాథన్ జెనెక్. చుక్క ఎడమ నుంచి కుడికి సమవేగంతో నడుస్తుంది, చివరికి చేరగానే చటుక్కున వెనక్కి వస్తుంది, మళ్లీ నడుస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఒక అలకు 20 మిల్లీసెకన్లు పడుతుంది. నాబ్‌ను 5 మిల్లీసెకన్ల దగ్గర పెడితే ఒక్కో అల నాలుగు గళ్లు తీసుకుంటుంది, తెర మీద రెండున్నర అలలు కనిపిస్తాయి. తెలియని అల పౌనఃపున్యం కనుక్కోవాలంటే ఇదే లెక్క తిరగేయాలి.

ఇక ట్రిగ్గర్. కొత్తవాళ్లను ఎక్కువ ఏడిపించేది ఇదే. చుక్క ప్రతిసారీ ఎక్కడపడితే అక్కడ నడక మొదలుపెడితే అలలు ఒకదాని మీద ఒకటి పడి తెరంతా అలికేసినట్టుంటుంది, లేదా బొమ్మ పక్కకు జారిపోతుంటుంది. తిరుగుతున్న తాడులోకి దూకే పిల్లను చూడండి. తాడు ఒక ఎత్తుకు వచ్చినప్పుడే, అదీ పైకి పోతున్నప్పుడో కిందికి దిగుతున్నప్పుడో చూసుకుని అడుగు వేస్తుంది. ట్రిగ్గర్ కూడా అంతే. లెవెల్ నాబ్ ఆ ఎత్తును చెబుతుంది, స్లోప్ మీట పైకా కిందికా అన్నది చెబుతుంది, సోర్స్ మీట ఏ తాడును చూడాలో చెబుతుంది. లెవెల్‌ను అల శిఖరం దాటించి పెడితే తాడు ఆ ఎత్తుకు ఎప్పటికీ రాదు, పిల్ల దూకదు, బొమ్మ నిలబడదు. ఈ ఏర్పాటు చక్కగా కుదిరి, ప్రయోగశాలల్లో నమ్మకంగా కొలవగలిగే పరికరంగా మారడానికి బ్రౌన్ తర్వాత అర్ధ శతాబ్దం పట్టింది. అమెరికాలోని టెక్ట్రానిక్స్ కంపెనీ 1947లో తెచ్చిన 511 మోడల్ ఆ దారిలో పెద్ద మలుపు.

ఏసీ, డీసీ, గ్రౌండ్ అని మూడు స్థానాలున్న చిన్న మీట ఒకటుంటుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు. గ్రౌండ్‌లో పెడితే సున్నా గీత ఎక్కడుందో తెలుస్తుంది, ముందు అది చూసుకోవాలి. డీసీలో పెడితే ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. ఏసీలో పెడితే మధ్యలో ఒక కెపాసిటర్ అడ్డొచ్చి, సగటు విలువను తీసేసి, మిగిలిన ఊపును మాత్రమే చూపిస్తుంది. మన హాఫ్ వేవ్ రెక్టిఫయర్‌నే తీసుకోండి. 17 వోల్టుల గోపురాల సగటు సుమారు 5.4 వోల్టులు. మీట ఏసీలో ఉంటే బొమ్మ మొత్తం అంత కిందికి దిగిపోతుంది, గోపురాల మధ్య చదునైన భాగం సున్నా కింద కనిపిస్తుంది. డయోడ్ వెనక్కి కూడా కరెంటు వదులుతోందనిపిస్తుంది. డయోడ్ తప్పేమీ లేదు, మీట చూసుకోలేదంతే. ఈ తరం డిజిటల్ పరికరాల్లో ఆటో బటన్ నొక్కగానే ఏదో ఒక బొమ్మ చక్కగా నిలబడుతుంది. ఆ సౌకర్యం వల్లే ఈ పొరపాటు ఎక్కువైందని నాకనిపిస్తుంది. బటన్ అలను వెతికి పెడుతుంది గానీ ఆ అల ఏమిటో చెప్పదు.

ప్రోబ్ మీద 10ఎక్స్ మీట ఉంటే వచ్చే వోల్టేజీ పదో వంతుకు తగ్గుతుంది, ఆ సంగతి పరికరానికీ చెప్పాలి. ప్రోబ్‌కు వేలాడే నల్ల క్లిప్పు విషయంలో మాత్రం జాగ్రత్త. అది పరికరం లోపల్నుంచి నేరుగా ఎర్త్‌కు కలిసి ఉంటుంది. గోడ సాకెట్‌లోని 230 వోల్టుల ఫేజ్‌కు దాన్ని తగిలిస్తే షార్ట్ సర్క్యూటే. ల్యాబ్‌లో మధ్యన ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేది అందుకు కూడా. నాబ్‌ల వరుసలో ఎక్స్‌వై అనే స్థానం కూడా ఉంటుంది. అందులో పెడితే కాలం అన్నదే ఉండదు, ఒక సంకేతం చుక్కను నిలువుగా, మరొకటి అడ్డంగా లాగుతాయి. తెర మీద వృత్తాలు, దీర్ఘవృత్తాలు, ఎనిమిది అంకెలు పుడతాయి. 1897 నాటి గొట్టానికి అన్నిటికంటే దగ్గరి రూపం అదే.

గొట్టాన్ని లోకానికి వదిలేసిన బ్రౌన్ మరుసటి ఏడాదే వైర్‌లెస్‌లోకి వెళ్లారు. మార్కోనీ పద్ధతిలో స్పార్క్ నేరుగా ఏరియల్‌లోనే ఉండేది. శక్తి పెంచుదామంటే స్పార్క్ పొడవు పెంచాలి, పెంచితే అది కరెంటును తినేసి అల వెంటనే చచ్చిపోతుంది. బ్రౌన్ స్పార్క్‌ను కెపాసిటర్లున్న విడి సర్క్యూట్‌లోకి మార్చి, అక్కడ పుట్టిన డోలనాలను ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా ఏరియల్‌కు అందించారు. ఏరియల్‌లో స్పార్క్ లేదు, రెండు సర్క్యూట్‌లనూ ఒకదానికొకటి శ్రుతి చేసుకోవచ్చు. తీగల కంపనాల మీద డాక్టరేట్ చేసిన మనిషికి శ్రుతి సంగతి తెలియనిదేం కాదు. దీనికి మాత్రం 1898లో పేటెంట్ పడింది, వెనక పెట్టుబడిదారులున్నారు మరి. 1900 సెప్టెంబరులో కుక్స్‌హాఫెన్ నుంచి సముద్రంలోని హెలిగోలాండ్ దీవికి, 62 కిలోమీటర్లు, సందేశం వెళ్లింది. ఆ పేటెంట్లు చివరికి 1903లో పుట్టిన టెలిఫుంకెన్ కంపెనీకి ఆస్తి అయ్యాయి.

ఇక్కడ మన దేశం కథలోకి వస్తుంది. కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్ అప్పటికే మిల్లీమీటరు తరంగాలతో ప్రయోగాలు చేస్తున్నారు. వాటిని పట్టుకోవడానికి ఆయన ఎంచుకున్నది గాలీనా స్ఫటికం, బ్రౌన్ లైప్‌జిగ్‌లో పరీక్షించిన ఖనిజాల్లో ఒకటి. దానిమీద బోస్ 1901లో దరఖాస్తు చేసిన అమెరికా పేటెంట్ 1904లో మంజూరైంది. పేటెంట్లంటే బోస్‌కూ మనసొప్పేది కాదు, స్నేహితుల బలవంతం మీద తీసుకున్నదది. పంతులు పక్కన పడేసిన ఖనిజానికి పాతికేళ్ల తర్వాత పని దొరికింది. ఆ పని చూపినవాడు కలకత్తా ప్రొఫెసరు కావడం మన పాఠ్యపుస్తకాలు చెప్పుకోదగ్గ విషయం.

స్ట్రాస్‌బర్గ్ ప్రయోగశాలతో మనకు ఇంకో ముడి ఉంది. రష్యా నుంచి వచ్చి బ్రౌన్ దగ్గర డాక్టరేట్ చేసి, 1914 దాకా అక్కడే పనిచేసిన లియొనిద్ మాండెల్‌స్టామ్ తర్వాత మాస్కో చేరారు. 1928లో ఆయనా లాండ్స్‌బర్గూ స్ఫటికాల్లో కాంతి రంగు మారి చెదరడం గమనించారు. అదే ఏడాది ఫిబ్రవరిలో కలకత్తాలో సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ ద్రవాల్లో చూసినదీ అదే. విశాఖలో బాల్యం గడిపిన రామన్ ముందుగా ప్రచురించారు, నోబెల్ ఆయనకే దక్కింది. రష్యన్ పుస్తకాలు దాన్ని ఇప్పటికీ వేరే పేరుతోనే పిలుస్తాయి.

బ్రౌన్‌కు నోబెల్ 1909లో వచ్చింది, మార్కోనీతో సగం సగం. ఒకరికి 59 ఏళ్లు, మరొకరికి 35. బహుమతి వైర్‌లెస్‌కు గానీ గొట్టానికి కాదు. నా లెక్కలో ఇది తలకిందుల తీర్పు. స్పార్క్ ట్రాన్స్‌మిటర్లు పదిహేను, ఇరవై ఏళ్లలో మూలపడ్డాయి. గొట్టం మాత్రం వందేళ్లు ఏలింది. దానితో చిత్రాలు పంపవచ్చని ఆయన శిష్యుడు మాక్స్ డిక్‌మాన్ 1906లోనే చేసి చూపారు. తర్వాత అదే టెలివిజన్ అయింది, రాడార్ తెర అయింది, ఆస్పత్రిలో గుండె చప్పుడు చూపే పరికరమైంది. ఢిల్లీలో 1959లో దూరదర్శన్ ప్రసారాలు మొదలైనప్పుడు వెలిగిందీ, హైదరాబాద్‌లో ఈసీఐఎల్ తయారుచేసిన ఈసీ టీవీలో మన ముందు తరం చూసిందీ ఆ గొట్టాన్నే. జపాన్‌వాళ్లు పిక్చర్ ట్యూబ్‌ను బ్రౌన్ పేరుతోనే బురౌన్‌కాన్ అన్నారు. మనం ఆయన పేరు ఎక్కడా తగిలించలేదు.

1914లో యుద్ధం వచ్చింది. జర్మనీ సముద్రగర్భ కేబుళ్లను బ్రిటన్ తెంపేయడంతో అమెరికాతో మాట్లాడటానికి దానికి మిగిలిన దారుల్లో న్యూయార్క్ దగ్గర సేవిల్‌లోని టెలిఫుంకెన్ స్టేషన్ ఒకటి. తమ పేటెంట్లను ఉల్లంఘించారంటూ మార్కోనీ కంపెనీ ఆ స్టేషన్ మీద అమెరికా కోర్టుకెక్కింది. గెలిస్తే స్టేషన్ మూతపడుతుంది. పేరుకు పేటెంట్ తగాదా, లోపల యుద్ధం. నోబెల్‌ను సగం పంచుకున్న ఇద్దరూ ఇప్పుడు చెరో పక్షాన నిలబడ్డారు. సాక్ష్యం చెప్పడానికి అరవై నాలుగేళ్ల బ్రౌన్, ఒంట్లో బాగోలేకపోయినా, బ్రిటిష్ నౌకల పహరా దాటుకుంటూ డిసెంబరు చలిలో జెనెక్‌ను వెంటబెట్టుకుని అట్లాంటిక్ దాటారు. మరుసటి ఏడాది అమెరికా ప్రభుత్వమే స్టేషన్‌ను తన నౌకాదళం అజమాయిషీలోకి తీసుకుంది. ఆయన వచ్చిన పనికి అర్థం లేకుండా పోయింది. తిరిగి వెళ్లే దారి కూడా మూసుకుపోయింది. 1917 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలో దిగాక ఆయన శత్రుదేశపు పౌరుడు. బ్రూక్లిన్‌లో కొడుకు ఇంట్లో ఉంటూ 1918 ఏప్రిల్ 20న కన్నుమూశారు. ఏడు నెలల తర్వాత స్ట్రాస్‌బర్గ్ మళ్లీ ఫ్రాన్స్ చేతిలోకి వెళ్లింది, ఆయన డైరెక్టరుగా ఉన్న జర్మన్ విశ్వవిద్యాలయం అంతటితో ముగిసింది. చితాభస్మం 1921లో ఫుల్డా చేరింది.